ఉదయ్ సార్ చెల్లెలు

పద్మ చెప్పాల్సింది చెప్పి, గేటు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఆమె పక్కనే ఉన్న తన ఇంటి తలుపు వేసుకునేదాకా ఇంట్లో ఎవరూ నోరు తెరవలేదు.

ఆదివారం సాయంత్రం. అనసూయ ఒళ్లో చిక్కుడుకాయల చాట ఉంది. సగం కాయలకు ఈనెలు తీయడం అయింది. మిగతావి అలాగే ఉన్నాయి.

"ధర్మసాగర్ కట్ట మీద నీకేం పని?" అని అడిగాడు ఉదయ్.

అక్షర గోడకు ఆనుకుని కూర్చుంది. అన్న వైపు చూడలేదు.

పక్కింటి పద్మ పుట్టిల్లు ధర్మసాగర్. తల్లికి ఒంట్లో బాగాలేక ఈ మధ్య తరచూ వెళ్లివస్తోంది. చెరువు కట్ట మీద ఒక్కతే కూర్చున్న పిల్లను మొదటిసారి చూసినప్పుడు ఎవరో అనుకుందట. రెండోసారి చూసినప్పుడు అక్షరలా ఉందే అనుకుందట. మొన్న శుక్రవారం ఆటో ఆపించి మరీ చూసిందట. ఏమనుకోవద్దక్కా, నా బిడ్డయితే నువ్వు చెప్పవా అని మొదలుపెట్టి, తల వంచుకుని ముగించింది.

కట్ట అనే మాట దగ్గర అనసూయ చేతులు ఆగిపోయాయి. కట్టకు ఒకవైపు రోడ్డు, రెండోవైపు నీళ్లు. ఆమె అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటం భర్త పోయినప్పటి నుంచి బాగా నేర్చుకుంది.

ఉదయ్ ఫోన్ తీశాడు. ధర్మసాగర్ దాటాక ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలో అతను లెక్చరర్. అక్షర అక్కడే బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. పిల్లల హాజరు చూసే వీలు అతని ఫోన్‌లోనే ఉంది. చూడాల్సిన పని కూడా అతనిదే. అక్కడ ప్రతి లెక్చరర్‌కూ కొందరు పిల్లల్ని అప్పగిస్తారు. వాళ్లకు అతనే మెంటర్. ఎవరైనా వరసగా రాకపోతే ఇంటికి ఫోన్ చేయాలి, కారణం కనుక్కోవాలి, చదువు మధ్యలో వదిలేసి పోకుండా చూడాలి. తనకు అప్పగించిన పిల్లల్లో చెల్లెల్ని కూడా చేర్చమని పోయినేడు ఉదయే అడిగి వేయించుకున్నాడు. తండ్రి లేని పిల్ల, తన కళ్ల ముందు ఉంటుందని.

అతను చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టాడు.

"దసరా సెలవులు అయిపోయినంక ఒక్క క్లాసుకు గూడ పోలే," అన్నాడు. అమ్మతో అన్నాడు, చెల్లెలితో కాదు.

మూలన మంచం మీద యాకమ్మ లేచి కూర్చుంది. "ఎవలు పోలె? రోజు బస్సెక్కుతాంది గద పిల్ల? నేనే గేటు కాడ నిలవడి చూస్తాన."

"బస్సెక్కుతాంది నానమ్మా. ఆడ దిగుతాంది. క్లాసుకు పోతలేదు."

"మరి నువ్వు ఆడుండి ఏం చేస్తానవ్‌రా?"

ఉదయ్ చెల్లెలి మీద అరిచాడు.

తండ్రి చంద్రమౌళి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. ఆయన గూడ్సు బండ్లు నడిపిన మనిషి. ఇంజను చప్పుడుకు అలవాటుపడిన గొంతు, ఇంట్లో కూడా తగ్గేది కాదు. ఆయన పోయి, కాజీపేటలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి రెండు వీధుల అవతల ఈ అద్దె ఇంటికి వచ్చాక, మిగిలిన నలుగురూ ఒకరికొకరు అడ్డం రాకుండా మెల్లగా మసలుకుంటున్నారు. తలుపులు కూడా చప్పుడు కాకుండా వేస్తారు. ఇవాళ ఉదయ్ అరుపుకు వంటింట్లో గిన్నె మీద మూత కదిలినట్టనిపించింది అనసూయకు.

ఎవడైనా ఉన్నాడా అని అడిగాడు. లేడంది. ఫోన్ చూపించమన్నాడు. అక్షర తన ఫోన్‌ను గచ్చు మీద అతని వైపు తోసింది. అతను దాన్ని ముట్టుకోలేదు. తప్పు చేశానని తెలిసినవాడిలా గొంతు మార్చి, యూనివర్సిటీలో పిల్లల్ని అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు. పాఠాలు అర్థం కావడం లేదా. ల్యాబులు బాగాలేవా. బస్సులో ఇబ్బందా. సీనియర్లు ఏమైనా అంటున్నారా. ఈ బ్రాంచి ఇష్టం లేదా. పిల్లలు ఎందుకు మానేస్తున్నారో తేల్చడానికి అక్కడ ఒక కమిటీ వేశారు. ఉదయ్ అందులో ఉన్నాడు. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వేయాలో అతనికి కంఠతా వచ్చు.

ప్రతిదానికీ అక్షర బాగానే ఉందంది.

యాకమ్మకు విసుగొచ్చింది. "పోలీసోడు అడిగినట్టు అడుగుతానవ్. గట్లడిగితె దొంగ గూడ చెప్పడు."

"నువ్వు జర ఊకో నానమ్మా."

"ఊకుంట తియ్యి. నేను ఊకుంటె చెప్తదా నీకు?"

ఉదయ్ లేచి కిటికీ దాకా వెళ్లి, తిరిగొచ్చి, చెల్లెలికి ఎదురుగా కింద కూర్చున్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"మొన్న శుక్రవారం గూడ నా ముందర కూసోని అన్నం తిన్నవ్. రోజు తిన్నవ్. పప్పు జర ఎక్కువ వెయ్యన్నా అన్నవ్. ఒక్కనాడన్న చెప్పబుద్ధి కాలేదా?"

అక్షర తలెత్తింది.

"అదే అన్నా," అంది. "రోజు నీ ముందర కూసోనే తిన్న."

ఉదయ్‌కు అర్థం కాలేదు. అనసూయకు అర్థమవడం మొదలైంది.

ప్రతి పొద్దునా ఆమె వంట చేసి ఇద్దరికీ కలిపి ఒకటే టిఫిన్ క్యారియర్ కట్టేది. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. ఉదయ్ దాన్ని బైకు మీద తీసుకెళ్లేవాడు. మధ్యాహ్నం కాగానే అక్షర స్టాఫ్‌రూమ్‌కు వెళ్లేది. అన్నాచెల్లెళ్లు కలిసి వేడి వేడిగా తింటున్నారని అనసూయ తను పాఠాలు చెప్పే బడిలో అదే వేళకు తలచుకునేది. రోజు మొత్తంలో ఆమెకు కాస్త ఊరటగా ఉండే తలపు అదొక్కటే.

అక్షర చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. మొదటి సంవత్సరం మొదటి వారంలో క్లాసు పిల్లలు తననూ పిలిచారట. వాళ్లు లైబ్రరీ మెట్ల మీద గుంపులుగా కూర్చుని, డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని తింటారు. ఎవరి కూర ఎవరు తింటున్నారో తెలియదు. నా అన్నం అన్న దగ్గరుంది అని చెప్పి తను వెళ్లిపోయింది. మర్నాడూ అంతే చెప్పింది. తర్వాత ఎవరూ పిలవలేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవరు ఎవరికి రికార్డు ఇవ్వాలో, ఎవరు ఎవరితో సినిమాకు పోవాలో అన్నీ ఆ మెట్ల మీదే తేలిపోయాయి. తను స్టాఫ్‌రూమ్ నుంచి తిరిగొచ్చేసరికి నవ్వులు అయిపోయి ఉండేవి.

ఈ ఏడు ఇంకో సంగతి జరిగింది. క్లాసు ఎగ్గొట్టి హన్మకొండ పోయిన ఇద్దరు పిల్లల ఇళ్లకు ఉదయ్ ఫోన్ చేశాడు. అతనికి హాజరు పట్టీ చూస్తే తెలిసింది. పిల్లలు మాత్రం అక్షర చెప్పిందనుకున్నారు. దసరా తర్వాత ఆమె బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు.

"క్లాసుల నాకు పేరు లేదమ్మా," అంది. "ఉదయ్ సార్ చెల్లె. గంతే. మేడమ్‌లు గూడ గట్లనే పిలుస్తరు. నేను పోంగనే అందరు చుప్ అయితరు."

"నాకు చెప్తె నేను..." అన్నాడు ఉదయ్.

"ఎట్ల చెప్పాలె? కష్టముంటె మెంటర్‌కు చెప్పాలె. మెంటర్ నువ్వు. మెంటర్ ఇంటికి ఫోన్ చేస్తడు. ఇంట్ల ఫోన్ ఎత్తేది నువ్వు."

యాకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

అప్పుడు ఉదయ్ కూడా ఒకటి చెప్పాడు. ఆఫీసులో క్లర్కు వారం వారం అడుగుతూనే ఉన్నాడట, సార్, మీ చెల్లె ఆబ్సెంటు పడుతోందని. ఇప్పుడే నాతో అన్నం తిని పోయింది, మీ అటెండెన్సు మిషన్ చూసుకోండ్రి అని తను నవ్వేవాడట. వేరే పిల్లలైతే రెండో రోజే ఇంటికి ఫోన్ చేసి ఉండేవాడు.

అనసూయ కూతురి వైపు తిరిగింది.

"కట్ట మీద ఎందుకు బిడ్డా?" అని అడిగింది.

"క్లాసుల కూసుంటె ఊపిరి ఆడేది కాదు. బస్సు దిగి అట్ల నడిచి పోయేదాన్ని, అన్నం యాళ్లకు మళ్ల వచ్చేదాన్ని. కట్ట మీద చాపలమ్మే అవ్వ ఒకామె ఉంటది. ఎవలి బిడ్డవు, ఎవలి చెల్లెవు అని అడగది. ఎండ దిక్కు కూసోకు, నల్లవడతవ్ అంటది." అక్షర ఆగింది. తల్లి ముఖం ఇప్పుడే చూసింది. "అమ్మా. నువ్వు ఇంకేమన్న అనుకున్నవా?"

"లేదు," అంది అనసూయ.

చాట కింద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. నీళ్లు చల్లగా ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి తను అనుకున్నంత చెడ్డది కాలేదు.

అక్షర వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. కడిగిన క్యారియర్ గిన్నెలు గట్టు మీద బోర్లించి ఉన్నాయి. ఇద్దరూ వాటినే చూశారు. ఆ క్యారియర్ చంద్రమౌళిది. డ్యూటీకి పోయేటప్పుడు ఆయన వెంట ఉండేది. ఎన్ని ఊళ్లు తిరిగిందో, మూతకు ఒకచోట సొట్ట కూడా ఉంది. ఆయన పోయాక అనసూయ దాన్ని అటక ఎక్కించలేకపోయింది. ఇద్దరు పిల్లలూ ఒకే చోటికి వెళ్లడం మొదలయ్యాక దానికి మళ్లీ పని దొరికింది.

"ఏరే డబ్బ కట్టియ్యమని అడగకపోయినవా?"

"బాపుది గద," అంది అక్షర. "పొద్దుగాల నువ్వు దాన్ని కడుగుతాంటె చూసేదాన్ని. వద్దనబుద్ధి కాలె."

అనసూయ తన బడిలో కొత్త పిల్ల చేరితే మొదట చూసేది మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన కూర్చుందనే. ఒంటరిగా తినే పిల్ల నాలుగు రోజుల్లో మానేస్తుందని తోటి టీచర్లకు ఆమే చెప్పేది.

కూతురి తల మీద చేయి వేసింది. అక్షర ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా ఆ పిల్ల ఇంతగా ఏడవలేదు. అనసూయ చేయి తీయకుండా నిలబడింది.

అన్నాలయ్యాక మాటలు మళ్లీ మొదలయ్యాయి. హన్మకొండలో డిగ్రీ కాలేజీలో చేరతానంది అక్షర. ఏడాదిన్నర వృథా అవుతుందన్నాడు ఉదయ్. అతను అమ్మ వైపు చూశాడు. నిర్ణయం దానిదే అంది అనసూయ. పక్కింట్లో టీవీ వినపడుతోంది.

చివరికి అక్షర, యూనివర్సిటీకే పోతానంది. అయితే ఉదయ్ తనకు మెంటర్‌గా ఉండకూడదు. అక్కడ తనను పలకరించకూడదు. తన గురించి క్లాసులో గానీ, బస్సులో గానీ, ఇంకెక్కడైనా గానీ ఎవరినీ అడగకూడదు. తను రాలేదని, ఆలస్యమైందని ఎవరికీ ఫోన్ చేయకూడదు.

"గిన్ని షరతులు నా పెండ్లినాడు నాకు ఎరుకైతె, మీ తాత బతుకు తెల్లారేది," అంది యాకమ్మ.

ఎవరో ఒకరు ముందు నవ్వాలి. ఉదయ్ నవ్వాడు. సరేనన్నాడు. అమ్మ కూడా మాటివ్వాలంది అక్షర. అనసూయ ఇచ్చింది.

*

సోమవారం అనసూయ బడికి సగం రోజు సెలవు పెట్టి కూతురితో పాటు యూనివర్సిటీ బస్సెక్కింది. వాళ్లు వెళ్లేసరికి ఉదయ్ డిపార్ట్‌మెంట్ హెడ్ రాజేశ్వర్ రావు గదిలో నిలబడి ఉన్నాడు. చెప్పాల్సింది తనే చెప్పేశాడని అతని ముఖం చూస్తే తెలిసింది.

రాజేశ్వర్ రావు కోప్పడలేదు. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరని, సెమిస్టర్ మళ్లీ చదవాల్సి వస్తుందని, ఇక నుంచి ఒక్క క్లాసు కూడా మానకుండా వస్తే పైవాళ్లతో తను మాట్లాడతానని చెప్పాడు. అక్షరను రమ మేడమ్‌కు అప్పగిస్తానన్నాడు. ఉదయ్‌ను చూసి, మీ విషయం తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఎప్పుడో, ఏం మాట్లాడాలో చెప్పలేదు.

అక్షర క్లాసుకు వెళ్లిపోయాక ఆయన అనసూయను కూర్చోమన్నాడు. తమ కమిటీ చాలా కాలంగా ఇదే పని మీద ఉందన్నాడు. పిల్లలు పోతున్నది ఫీజుల వల్లనని కొందరన్నారు, ఉద్యోగాలు రావడం లేదని కొందరన్నారు. వైఫై పెంచారు, బస్సులు పెంచారు, మెస్‌లో ఆదివారం బిర్యానీ పెట్టారు. పిల్లల్ని అడిగితే అంతా బాగుందనే అంటారు. అయినా ప్రతి సెమిస్టర్ మధ్యలో కొందరు చెప్పకుండానే వెళ్లిపోతున్నారు. అన్నం ఎవరితో తింటున్నావని తాము ఎవరినీ అడగలేదన్నాడు.

"మీరు గూడ టీచరే గద మేడం. మీ బడిల పిల్లలు మానేస్తె ఏం చేస్తరు?"

"ఇంటికి పోతం సార్."

"పోతె వస్తరా?"

"కొందరు వస్తరు."

"రానోళ్లు?"

"మళ్ల పోతం."

రాజేశ్వర్ రావు నవ్వాడు. అందులో నవ్వేదేముందో అనసూయకు తెలియలేదు.

గేటు దాకా ఉదయ్ వెంట వచ్చాడు. దారిలో ఎదురైన పిల్లలు గుడ్ మార్నింగ్ సార్ అన్నారు. అతను తలూపుతూ నడిచాడు.

"నేను మంచికే చేసిన అమ్మా," అన్నాడు.

"ఎరుకే."

"బాపు లేడు గదా అని..."

"ఎరుకే బిడ్డా."

బస్సు వచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అలా మాట్లాడకుండా నిలబడటం ఇవాళ బరువుగా లేదు.

*

సాయంత్రం యూనివర్సిటీ బస్సు వీధి మలుపులో ఆగింది. ఎప్పుడూ దిగే పిల్లలు దిగారు. బస్సు కదిలి వెళ్లిపోయింది. అక్షర దిగలేదు.

ఉదయ్ అప్పటికే ఇల్లు చేరి, గేటు దగ్గర బైకు తుడుస్తున్నాడు. తుడవడానికి దాని మీద దుమ్మేమీ లేదు. బస్సు వెళ్లినవైపు చూసి, గుడ్డను భుజం మీద వేసుకుని లోపలికి వచ్చాడు.

"రాలే," అన్నాడు.

అనసూయ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలెత్తలేదు. "వస్తది."

ఉదయ్ ఫోన్ తీశాడు. డ్రైవర్ శేఖర్ నంబరు, రమ మేడమ్ నంబరు, సెక్యూరిటీ నంబరు అన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఒక్కటి నొక్కితే చాలు. అతను నొక్కలేదు. ఫోన్ జేబులో పెట్టాడు. మళ్లీ తీశాడు.

"చెయ్‌రా," అంది యాకమ్మ.

"వద్దు," అంది అనసూయ. "మాటిచ్చినం అత్తమ్మా."

"మాటదేమున్నది? మాట పోతె మళ్ల తెచ్చుకోవచ్చు. పిల్ల పోతె తెస్తవా?"

అనసూయ ఎరుపు పెన్ను మూత పెట్టింది. ఒకే పేపర్‌లో ఒకే జవాబును ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. రోడ్డు, నీళ్లు, మధ్యలో కట్ట. నిన్న కడిగేసుకున్నాననుకున్న భయం అక్కడే ఉంది.

"జరసేపు చూద్దాం," అంది.

వీధిలో దీపాలు వెలిగాయి. పద్మ తన గుమ్మంలోంచి ఇటు చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది. ఉదయ్ ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగాడు. చివరికి వచ్చి తన ఫోన్‌ను అమ్మ చేతిలో పెట్టాడు.

"నా తాన ఉంటె చేస్త," అన్నాడు.

ఇప్పుడు ఫోన్ ఆమె చేతిలో ఉంది. శేఖర్ పేరు తెర మీదే ఉంది. మాటిచ్చింది తను కూడా. ఇంతకన్నా ఆగడం తల్లి చేసే పనేనా అని తనను తనే ప్రశ్నించుకుంది. వేలు తెర మీదికి వెళ్లింది.

అప్పుడు వీధి చివర అక్షర గొంతు వినిపించింది.

మనిషి ఇంకా కనపడలేదు. గొంతే వచ్చింది. గట్టిగా వచ్చింది. ఆటోవాణ్ణి ఇక్కడ కాదు ముందుకు పోనియ్యమంటోంది, ఇంకెవరినో బ్యాగు పట్టుకొమ్మంటోంది, నీకేం చేతగాదు ఇటియ్యి అంటోంది. ఆ పిల్లకు అంత గొంతుందని ఇంట్లో అందరూ మరిచిపోయారు.

ఉదయ్ ఉన్నచోటే గచ్చు మీద కూలబడ్డాడు. యాకమ్మ రెండు చేతులూ ఎత్తి ఎవరికో దండం పెట్టింది. అనసూయ ఫోన్ పక్కన పెట్టి, పేపర్లు సర్దింది. సర్ది, మళ్లీ సర్దింది.

అక్షర లోపలికి వచ్చింది. వెనక ఇంకో పిల్ల ఉంది. సన్నగా, తల దువ్వుకోకుండా, పెద్ద బ్యాగుతో. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, ఈమె స్నేహలత. మా క్లాసే. డోర్నకల్ వీళ్లది, హాస్టల్ల ఉంటది." అక్షర ఒకే ఊపిరిలో చెప్పుకుపోయింది. మధ్యాహ్నం క్యాంటీన్‌ల పులిహోర కొనుక్కొని మెట్ల మీదికి పోయిన, ఎవ్వరు పిలవలే, ఈమె ఒక్కతె జరిగి చోటిచ్చింది అంది. సగం తిన్నాక, రేపటి నుంచి నేను రాను, ఇయ్యాల రాత్రి బండికే ఇంటికి పోతాన అని చెప్పిందట. హాస్టల్‌లో సామాను కూడా సర్దేసింది. కాజీపేట స్టేషన్‌లో బండి ఎక్కాలి కదా, ముందు మా ఇంటికి రా అని అక్షరే లాక్కొచ్చింది. అందుకే బస్సు తప్పిపోయింది.

ఉదయ్ లేచి నిలబడ్డాడు. స్నేహలత అతనికి అప్పగించిన పిల్లల్లో ఒకతె.

"నువ్వా?" అన్నాడు. "పోయిన వారమే గద అడిగిన. అంత బాగుందన్నవ్ గదా?"

"అవును సార్," అంది స్నేహలత, గచ్చు వైపు చూస్తూ. బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీ మార్కులు మంచిగున్నయ్, అటెండెన్సు మంచిగుంది..."

"అన్నా," అంది అక్షర. "నువ్వు జర లోపటికి పో."

ఉదయ్ తల్లి వైపు చూశాడు. అనసూయ తలూపింది. అతను భుజం మీది గుడ్డతోనే తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

స్నేహలత కూర్చోలేదు. "సార్ ఇంట్ల ఉంటడని ఈమె చెప్పలే ఆంటీ," అంది.

"చెప్తె వచ్చేదానివా?" అంది అక్షర.

అనసూయ కొడుకు గది తలుపు చూసింది. తలుపు కింద సందులో అతని పాదాల నీడ కనపడుతోంది. కదలడం లేదు. ఇక్కడ అన్న ప్రతి మాటా అక్కడికి వినపడుతుంది. ఎంత ప్రేమతో వింటున్నాడో ఆమెకు తెలుసు.

"బయట కూసుందాం పాండ్రి," అంది.

ముగ్గురూ గుమ్మం దాటి మెట్ల మీద కూర్చున్నారు. నాకు చెవుడే, మీరు చెప్పుకోండ్రి అంటూ యాకమ్మ కూడా కర్ర పట్టుకుని వెనకే వచ్చింది. అనసూయ వీధి తలుపు దగ్గరికి లాగి బయటి గడియ పెట్టింది. సొంత కొడుకును లోపల ఉంచి తలుపు వేయడం ఆమెకు ఇదే మొదలు.

స్నేహలత బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. అనసూయ ఏమీ అడగలేదు. బండికి సమయం ఎంతుందని కూడా అడగలేదు. అక్షర వస్తూ తెచ్చిన నీళ్ల గ్లాసు ఆ పిల్ల చేతిలో అలాగే ఉంది.

"సార్ మస్తు మంచిగ అడుగుతడు ఆంటీ," అంది చివరికి. "పోయిన వారం గూడ ఏడ్వాలనిపించింది. గంత మంచిగ అడిగినోళ్లకు బాగలేదని ఎట్ల చెప్పాలె?"

డోర్నకల్ బండి రావడానికి ఇంకా సమయం ఉంది.